మంచినీటి మొక్కలు: నీటికి ఊపిరి ఎప్పుడు, ఉరి ఎప్పుడు?

సూరత్ నగరంలో సింగణ్‌పోర్ వద్ద తాపీ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టకు ఎగువన, కొన్ని నెలల్లో నీటికి బదులు పచ్చని తివాచీ కనిపిస్తుంది. అది గుర్రపుడెక్క. స్థానికులు దానిని జలకుంభి అంటారు. నగరవాసుల తాగునీటికి తాపీయే ప్రధాన ఆధారం కావడంతో, నగరపాలక సంస్థ యంత్రాలతో ఈ మొక్కను తొలగించవలసి వస్తోంది. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వెళ్లి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం కొత్తది కాదు. సొంత ఊరి చెరువులోనూ వారు చూసివచ్చింది ఈ మొక్కనే.

అలాగని నీటిలోని ప్రతి మొక్కా కలుపు కాదు. మొక్కలు లేని చెరువు ఆరోగ్యమైన చెరువు కానే కాదు. ఏ మొక్క, ఎంత మేర, ఏ నీటిలో పెరుగుతోందన్నదే అసలు ప్రశ్న.

నాలుగు రకాల నివాసం

మంచినీటి మొక్కలను శాస్త్రజ్ఞులు అవి ఉండే చోటును బట్టి నాలుగు వర్గాలుగా విభజిస్తారు. ఒడ్డున వేళ్లు నీటిలో, ఆకులు గాలిలో ఉండే జమ్ము, కిక్కిస గడ్డి మొదటి వర్గం. అడుగు మట్టిలో నాటుకొని ఆకులను నీటిపై పరిచే తామర, కలువ రెండవది. పూర్తిగా నీటిలో మునిగి ఉండే హైడ్రిల్లా వంటి నాచుమొక్కలు మూడవది. వేళ్లు మట్టిని తాకకుండా తేలియాడే అంతరతామర, అజొల్లా, గుర్రపుడెక్క నాలుగవది.

బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. అందుకే తామర తూళ్లలో గాలి గొట్టాలు ఉంటాయి. ఆకులు పీల్చిన గాలి వాటి ద్వారా దుంప వరకు చేరుతుంది. నేలమొక్కల్లో చాలావాటికి ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు తామరాకుకు పైభాగాన ఉంటాయి.

చెరువుకు చేసే మేలు

మునిగి ఉండే మొక్కలు పగటివేళ ప్రాణవాయువును నేరుగా నీటిలోకి వదులుతాయి. చేపపిల్లలు, నత్తలు, తూనీగ డింభకాలు వాటి మధ్యనే తలదాచుకుంటాయి. ఒడ్డున పెరిగే జమ్ము అలల తాకిడికి కట్ట కోసుకుపోకుండా కాపాడుతుంది. వర్షపు నీటితో వచ్చే ఒండ్రును నిలువరిస్తుంది. నీటిపక్షులకు గూడు కట్టుకునే చోటునిస్తుంది.

లోతు తక్కువగా ఉన్న చెరువులు రెండు స్థితులలో స్థిరపడగలవని పరిశోధనలు చెబుతున్నాయి. మొదటి స్థితిలో మునిగిన మొక్కలు పోషకాలను పీల్చుకొని, మట్టిని కదలకుండా పట్టి ఉంచడం వల్ల నీరు తేటగా ఉంటుంది. మురుగు, ఎరువుల ద్వారా భాస్వరం, నత్రజని మితిమీరితే సూక్ష్మ శైవలాలు పెరిగి నీరు ఆకుపచ్చగా మారుతుంది. వెలుతురు అందక అడుగు మొక్కలు చనిపోతాయి. ఒకసారి ఈ రెండవ స్థితికి చేరిన చెరువు, మురుగు కొంత తగ్గినంత మాత్రాన వెనక్కి రాదు.

తివాచీ కింద చీకటి

గుర్రపుడెక్క జన్మస్థలం దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం. ఊదారంగు పూల అందం కోసం తెచ్చిన ఈ మొక్క 19వ శతాబ్దం చివరికి బెంగాల్ చేరింది. నదీ రవాణాకు, వరిసాగుకు అది తెచ్చిన కష్టం ఎంతటిదంటే, దానిని అరికట్టేందుకు 1936లో బెంగాల్‌లో ప్రత్యేక చట్టమే చేశారు.

అనుకూలమైన నీటిలో ఇది ఒకటి రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. ఆకులు గాలిలో ఉండటంతో అది తయారుచేసే ప్రాణవాయువు నీటికి దక్కదు. పైగా కిందికి వెలుతురు పడనీయదు. చచ్చిన ఆకులు అడుగున కుళ్లుతూ మిగిలిన ప్రాణవాయువును కూడా వాడేస్తాయి. చేపలు ఊపిరాడక చనిపోతాయి. మాన్సోనియా జాతి దోమల డింభకాలు ఈ మొక్కల వేళ్లకు గుచ్చుకొని వాటి నుంచే గాలి పీల్చుకుంటాయి. ఒక రకం బోదవ్యాధిని వ్యాపింపజేసేది ఈ దోమలే.

తాపీలోనైనా, మరెక్కడైనా దీనికి కావలసినవి రెండే: నిలిచిన నీరు, పోషకాలతో నిండిన మురుగు. ఆనకట్ట మొదటిదాన్ని, ఒడ్డున ఉన్న జనావాసాలు రెండవదాన్ని అందిస్తాయి. సూరత్ జిల్లాలోని జోల్వా వంటి జౌళి పరిశ్రమల గ్రామాల చుట్టూ ఉన్న కాలువలకు, కుంటలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

కొల్లేరు అనుభవం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో దానికి రామ్‌సర్ గుర్తింపు లభించింది. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేయగా, పట్టణాల మురుగు, పొలాల ఎరువులు, చేపల మేత వ్యర్థాలు దానిలో చేరాయి. ఆ పోషకాలపై గుర్రపుడెక్క, కిక్కిస విస్తరించాయి. సరస్సు నీటిని బంగాళాఖాతానికి చేర్చే ఉప్పుటేరులోనూ, సరస్సులోకి వచ్చే కాలువల్లోనూ మొక్కలు అడ్డుపడితే వరదనీరు వెనక్కి తన్ని లంక గ్రామాలు మునుగుతాయి. 2006లో అక్రమ చెరువుల గట్లను కొట్టివేసినా, నీటి నాణ్యత సమస్య అంతటితో తీరలేదు.

తొలగింపు ఒక్కటే చాలదు

గుర్రపుడెక్క బరువులో 90 శాతానికి పైగా నీరే. అందువల్ల తొలగింపు, రవాణా ఖర్చుతో కూడిన పని. తీసిన మొక్కను ఒడ్డునే కుప్పవేస్తే, కుళ్లిన పోషకాలు తొలి వానకే తిరిగి నీటిలో చేరతాయి. మందు చల్లి చంపితే అక్కడే కుళ్లి నీటిని మరింత పాడుచేస్తుంది. గింజలు అడుగు బురదలో ఏళ్ల తరబడి మొలకశక్తిని నిలుపుకుంటాయి.

1980లలో బెంగళూరు పరిసర చెరువుల్లో నియోకెటినా అనే ముక్కుపురుగులను వదిలి శాస్త్రజ్ఞులు మంచి ఫలితాలు సాధించారు. అవి ప్రధానంగా గుర్రపుడెక్కనే తింటాయి. అయితే ఫలితానికి ఏళ్లు పడుతుంది. తొలగించిన మొక్కతో కంపోస్టు, బుట్టలు తయారుచేయవచ్చు. కానీ ఇది నీటిలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకుంటుంది. కాబట్టి పరిశ్రమల వ్యర్థజలాలు చేరే చోట పెరిగిన మొక్కను పరీక్షించకుండా పశువుల మేతగానో, ఎరువుగానో వాడటం ప్రమాదకరం.

చెరువు శుభ్రం చేసే పేరుతో యంత్రాలు ఒడ్డున ఉన్న జమ్మును, నీటిలోని తామరను కూడా ఊడ్చివేస్తే కాపలాదారులను తొలగించినట్లే. ఖాళీ అయిన ఆ చోటును మొదట ఆక్రమించేది మళ్లీ గుర్రపుడెక్కే. నీటిపై పచ్చదనం హఠాత్తుగా పెరిగిందంటే, ఎగువన ఎక్కడో మురుగు కలుస్తోందని అర్థం. ఆ కాలువను శుద్ధి చేయనంత కాలం, యంత్రం ఏటా అదే పని చేస్తూనే ఉండాలి.