పాత కారు కొనుగోలుదారు హక్కులు (భారతదేశం)

వాడిన కారును వ్యాపారి ప్రమేయం లేకుండా నేరుగా యజమాని నుండి కొన్న వ్యక్తికి భారతదేశపు చట్టాలు కల్పించే రక్షణలను స్థూలంగా పాత కారు కొనుగోలుదారు హక్కులు అనవచ్చు. వీటి కోసం ప్రత్యేకమైన చట్టమేదీ లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 1988 నాటి మోటారు వాహనాల చట్టాలలో ఇవి విడివిడిగా ఉన్నాయి. కారు ఎవరిది అనే విషయంలో ఈ చట్టాలు కొనుగోలుదారును గట్టిగా కాపాడతాయి. కారు ఎలా ఉంది అనే విషయంలో మాత్రం చాలావరకు అతనికే వదిలివేస్తాయి.

కారు నాణ్యత

వస్తు విక్రయ చట్టంలోని 16వ సెక్షను ప్రకారం వస్తువు నాణ్యత గురించి అమ్మకందారు చెప్పకపోయినా వర్తించే హామీ అంటూ సాధారణంగా ఉండదు. దీనికున్న ముఖ్యమైన మినహాయింపులు ఆ రకం వస్తువులతో వ్యాపారం చేసేవారికి వర్తిస్తాయి. తన సొంత కారును అమ్ముకునే ఉద్యోగి గాని, రైతు గాని ఆ కోవలోకి రారు. కనుక కొన్న వారానికే ఇంజను చెడిపోయినా, అమ్మినవారు ఏ మాటా ఇచ్చి ఉండకపోతే, ఆ ఖర్చు కొన్నవారిదే.

మాట ఇస్తే పరిస్థితి మారుతుంది. ప్రమాదానికి గురికాలేదని చెప్పి అమ్మడం, మీటరును వెనక్కు తిప్పి తక్కువ కిలోమీటర్లు చూపడం కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను క్రింద మోసమవుతాయి. అలా కుదిరిన ఒప్పందాన్ని 19వ సెక్షను ప్రకారం కొనుగోలుదారు రద్దు చేసుకోవచ్చు. "ఉన్నది ఉన్నట్టుగా" అమ్మినట్లు కాగితంలో వ్రాసుకున్నా తెలిసి ఆడిన అబద్ధానికి అది రక్ష కాదు.

మౌనం సంగతి వేరు. 17వ సెక్షనుకు చట్టమే ఇచ్చిన ఉదాహరణలలో ఒక గుర్రం ఉంది. జబ్బు ఉందని తెలిసీ యజమాని ఏమీ చెప్పకుండా దానిని వేలంలో అమ్మితే అది మోసం కాదు. అయితే "మీరు కాదనకపోతే గుర్రం ఆరోగ్యంగా ఉన్నట్లే అనుకుంటాను" అని కొనేవాడు అన్నప్పుడు యజమాని ఊరుకుంటే ఆ మౌనం మాటతో సమానం. గుర్రం స్థానంలో కారును పెట్టి చూస్తే, ప్రశ్న అడగడానికి చట్టంలో ఎంత విలువ ఉందో తెలుస్తుంది. ప్రశ్నలు, జవాబులు వ్రాతలో ఉంటే (సెల్‌ఫోను సందేశాలైనా సరే) తరువాత రుజువు చేయడం సులభం.

యాజమాన్య హక్కు

అమ్మడానికి తనకు హక్కు ఉన్నదని అమ్మకందారు హామీ ఇచ్చినట్లే 14వ సెక్షను భావిస్తుంది. తెలియజేయని అప్పు ఏదీ ఆ వస్తువుపై లేదన్న హామీ కూడా ఇందులో ఉంది. ఇవి వ్యాపారికీ, సాధారణ వ్యక్తికీ సమానంగా వర్తిస్తాయి. కారు దొంగ సొత్తని తేలితే, ఎంత నమ్మకంతో కొన్నా అసలు యజమానికి అప్పగించవలసినదే. చెల్లించిన ధరను మాత్రం అమ్మినవారి నుండి రాబట్టుకోవచ్చు. దొంగ కారును కొని నెలల తరబడి వాడుకున్న వ్యక్తికి కూడా పూర్తి ధర తిరిగి రావాలని ఇంగ్లాండులో 1923లో రోలాండ్ వర్సెస్ డివాల్ కేసులో తీర్పు వచ్చింది.

బ్యాంకు అప్పుతో కొన్న కారు ఆర్సీలో హైపోథికేషన్ నమోదై ఉంటుంది. బ్యాంకు వ్రాతపూర్వక అంగీకారం లేనిదే పేరు మారదు. అప్పు తీరిపోయిందనడానికి బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 అవసరం.

పేరు మార్పిడి, బీమా

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం రాష్ట్రంలోనే నమోదైన వాహనమైతే అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 వాడతారు. సంతకం చేసిన ఖాళీ ఫారాలను చేతిలో పెట్టుకొని నెలల తరబడి తిరగడం మన ప్రాంతాలలో మామూలే గాని, చట్టం దృష్టిలో అది ప్రమాదకరం. ఆర్సీలో పేరు మారనంతవరకు ప్రమాద పరిహారానికి పాత యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో (2018) స్పష్టం చేసింది.

బీమా విషయంలో కొనుగోలుదారుకు తెలియని గొయ్యి ఒకటి ఉంది. 157వ సెక్షను వలన ఇతరులకు కలిగే నష్టానికి సంబంధించిన బీమా కారుతోపాటే బదిలీ అవుతుంది. కారుకే జరిగే నష్టానికి ఇది వర్తించదని సుప్రీంకోర్టు 1995లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో తీర్పు చెప్పింది. పాలసీలో పేరు మార్పుకు కొన్నవారు 14 రోజులలోగా బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. ఈలోగా కారు చెట్టుకు గుద్దుకుంటే పరిహారం రాకపోవచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పటి నుండి హైదరాబాదులో నమోదైన కారు గుంటూరుకు పరరాష్ట్ర వాహనమే. దానికి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. 12 నెలలకు మించి అక్కడ ఉంచితే కొత్త నంబరు పొందాలి. నంబరు పలకను చూసి రాష్ట్రాన్ని ఊహించరాదు; "ఏపీ 09" హైదరాబాదు నంబరు. అటువంటి కారు 2014కు ముందుదే కాబట్టి, 15 సంవత్సరాల రిజిస్ట్రేషను గడువు ఎప్పుడు ముగుస్తుందో, లేక ముగిసి పొడిగింపు పొందిందో ఆర్సీలో చూడాలి.

వివాద పరిష్కారం

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారులను, సేవలందించేవారిని ఉద్దేశించినది. సొంత కారు అమ్మిన వ్యక్తిపై సాధారణంగా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు నిలవదు. సివిల్ కోర్టుకే వెళ్ళాలి. దావాకు గడువు మూడు సంవత్సరాలు. మోసమైతే అది బయటపడిన నాటి నుండి లెక్కిస్తారు. ఉద్దేశపూర్వకమైన వంచనపై 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను క్రింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.