ప్రతినిధి స్వరాలు

ప్రతినిధి స్వరాలు అనగా వీణపై తమకు అతి సమీపమైన వేరొక స్వరానికి బదులుగా పలికే స్వరాలు. విజయనగర పాలకుడు అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి అను సంస్కృత గ్రంథంలో ఈ పద్ధతి కనిపిస్తుంది.

అవసరం
రామామాత్యుడు 7 శుద్ధ, 7 వికృత స్వరాలను అంగీకరించాడు. ప్రతి స్వరానికీ వేరొక మెట్టు అమర్చినచో మెట్లు మరీ దగ్గరపడి వాయించుటకు అనువుగా ఉండవు.

పద్ధతి
అంతర గాంధారం కంటే చ్యుతమధ్యమ గాంధారం ఒక్క శ్రుతి మాత్రమే హెచ్చు. కాకలి నిషాదానికి, చ్యుతషడ్జ నిషాదానికి నడుమ కూడా భేదం అంతే. కనుక అంతర, కాకలి స్వరాలకు వేరు మెట్లు విడిచి, చ్యుత స్వరాలనే వాటికి ప్రతినిధులుగా గ్రహించాడు. ఈ లెక్కన ఆయన చెప్పిన 20 మేళాలు 15 అవుతాయి. తరువాతి శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలో రామామాత్యుని మేళ విభజనను తీవ్రంగా ఖండించాడు.

పాశ్చాత్య పద్ధతితో పోలిక
పియానోలోని సమ విభజన కూడా ఇటువంటి రాజీయే. స, రి, గ, ప, ధ స్వరాలను ఒకేసారి మ్రోగించినచో, సహజ నిష్పత్తులలో (1, 9/8, 5/4, 3/2, 5/3) రిషభ ధైవతాల నడుమ శుద్ధ పంచమ సంవాదం సుమారు 22 సెంట్లు (81/80) తగ్గుతుంది. సమ విభజన ఈ భేదాన్ని రద్దుచేయుట వలన ఆ స్వరసమ్మేళనం పొసగుతుంది. అయితే సహజ గాంధారం 386 సెంట్ల నుండి 400కు జరుగుతుంది.

నేటి వీణ
నూజివీడు, బొబ్బిలి వంటి చోట్ల తయారయ్యే వీణలకు 24 మెట్లు, అనగా స్థాయికి 12 ఉంటాయి. హార్మోనియం మెట్టు పలికినదే స్వరం. వీణపై మాత్రం తీగను లాగి, గమకంతో లోపించిన శ్రుతిని తిరిగి పలికించవచ్చు.