గులాబీ రంగెక్కని గొట్టాలు

వియన్నా, 1960. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఓలే హోర్నికీవిచ్ గాజు గొట్టాల వరుస ముందు నిలబడ్డారు. చనిపోయినవారి మెదడు లోతుల్లోని స్ట్రయేటం అనే భాగం నుంచి తీసిన ద్రవం వాటిలో ఉంది. అయోడిన్ కలిపారు. మామూలు మెదళ్ల తాలూకు గొట్టాలు గులాబీ రంగుకు తిరిగాయి. డోపమైన్ అనే రసాయనం ఉందనడానికి అదే గుర్తు. పార్కిన్సన్స్ జబ్బుతో పోయినవారివి మాత్రం ఇంచుమించు రంగే ఎక్కలేదు. యంత్రం కొలిచి చెప్పక్కర్లేకుండానే తేడా కంటికి కనిపించింది!

మూడేళ్ల ముందే స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం దీనికి దారి వేసింది. మన సర్పగంధ వేరులో ఉండే రిసర్పిన్ ఇస్తే కుందేళ్లు చెవులు వాల్చేసి కదలకుండా పడి ఉన్నాయి. డోపమైన్‌కు ముడిసరుకైన డోపా ఎక్కించిన కాసేపటికే చెవులు నిక్కించి తిరగసాగాయి.

మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి చోట ఉండే కణాలు స్ట్రయేటంకు డోపమైన్ అందిస్తాయి. అక్కడ అది కదలికను ముందుకు తోసే కణాలను ఉత్సాహపరుస్తుంది, అడ్డుకునే కణాలను అణచి ఉంచుతుంది. పార్కిన్సన్స్‌లో ఆ నల్లటి చోటి కణాలు చనిపోయి డోపమైన్ కరువైతే అడ్డుకునేవాటిదే పైచేయి. కండలో సత్తువ ఉంటుంది, లేవాలన్న కోరికా ఉంటుంది, కాలు మాత్రం కదలదు. అలాంటి మనిషిని ఇంట్లోవాళ్లు బద్ధకస్తుడనో మొండివాడనో అంటే అంతకన్నా అన్యాయం లేదు.

డోపమైన్‌ను రక్తంలోకి ఎక్కించినా మెదడులోకి చేరదు. దాని ముడిసరుకైన ఎల్-డోపా చేరుతుంది. మన దూలగొండి గింజల్లో ఉండేదీ అదే. హోర్నికీవిచ్ తన దగ్గరున్న ఎల్-డోపాను లైంజ్ వృద్ధాశ్రమంలోని డాక్టర్ వాల్తెర్ బిర్క్‌మాయర్ చేతిలో పెట్టారు. ఆయన నెలల తరబడి దాన్ని ముట్టలేదు.

1961 జులైలో ఎట్టకేలకు పార్కిన్సన్స్ రోగుల నరానికి ఆ మందు సూది పడింది. పక్కమీద లేచి కూర్చోలేనివారు కూర్చున్నారు. కూర్చున్నచోటు నుంచి నిలబడలేనివారు నిలబడ్డారు. నడిచారు! పీలగా పోయిన గొంతులు గట్టిగా, స్పష్టంగా పలికాయి.

కొన్ని గంటలే. మందు బలం తగ్గగానే ఒళ్లు మళ్లీ బిగుసుకుపోయింది. 1967లో అమెరికాలో జార్జ్ కాట్జియాస్ మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ రోజూ నోటి ద్వారా ఇచ్చి చూపాకే అది నిలకడైన వైద్యమైంది. ఈనాటికీ పార్కిన్సన్స్‌కు ప్రధానమైన మందు అదే. దారిలో వృథా కాకుండా కార్బిడోపాను జత చేస్తారు. పోయిన కణాలను ఎల్-డోపా తిరిగి తేలేదు. కాబట్టి ఆస్పత్రిలో ఉన్నా పెళ్లింట్లో ఉన్నా ఆ మాత్ర వేళకు అందాల్సిందే.