మిగిలిన మూత్రపిండశక్తి

చెరువునీరు చాలనియేట పొలమునకు మోటబావి తోడగును. అయితే దినమునకెంతసేపు మోట కొట్టవలెనో బావిని చూచి నిర్ణయింపరు. చెరువులో నెంత నీరు మిగిలినదో నీరటి చూచి చెప్పిన పిదపనే తేలును. మూత్రపిండములు చెడినవారికి చేయు రక్తశుద్ధి, అనగా డయాలిసిస్, ఈ తీరుననే నడువవలెనని వైద్యలోకము గ్రహించుటకు సుమారు 60 ఏండ్లు పట్టినది. ఆ చరిత్రను మనవి చేసెదను.

1943వ సంవత్సరమున మన జఫర్‌గఢ్ నిజాము రాజ్యములో నుండెను. ఆ యేటనే, జర్మను సేనల యాక్రమణకు లోబడిన హాలండు దేశమున, కాంపెన్ పట్టణమందు విలెం కాల్ఫ్ అను వైద్యుడు సెలోఫేను గొట్టమును పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో త్రిప్పి, రోగి రక్తములోని మాలిన్యమును కడిగెను. తొలి రోగులలో చాలమంది దక్కలేదు. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలొకతె స్పృహ తెలిసి బ్రదికినది. ఆమె మూత్రపిండములు మరల పనిచేయ నారంభించుటచే యంత్రముతో నవసరము తీరినది.

మరి, మూత్రపిండములు కోలుకొననివారి గతి యేమి? 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతి రక్తనాళములందు టెఫ్లాన్ గొట్టములు నిలిపి, యంత్రమును మాటిమాటికి తగిలించు మార్గము చూపెను. క్రమముగా వారమునకు 3 మారులు, మారునకు సుమారు 4 గంటలు అను పద్ధతి అనేక దేశములందు వాడుకయైనది. రోగి స్వంత మూత్రపిండములలో నింకను మిగిలిన శక్తి యెంత యను ప్రశ్న మాత్రము వెనుకబడెను.

ఆ ప్రశ్నను ముందునకు తెచ్చినది కెనడా, అమెరికాలలో కడుపుపొర ద్వారా శుద్ధి పొందుచున్న 680 మంది రోగులపై జరిగిన పరిశోధన. దాని ఫలితములు 1996లో వెలువడెను. 2001లో ఆ లెక్కలను మరల పరిశీలింపగా, దినమునకు 250 మిల్లీలీటర్ల మూత్రము అధికముగా వచ్చువారిలో మరణభయము 36 శాతము తక్కువగా కనబడెను. యంత్రము వారమున కొన్ని గంటలే పనిచేయును. మిగిలిన మూత్రపిండమో, కొంచెమైనను రేయింబవళ్లు పనిచేయును.

కావున 2015లో అమెరికా మూత్రపిండవైద్య నియమావళి, తగినంత శక్తి మిగిలినవారికి చికిత్స మోతాదు తగ్గింపవచ్చునని అంగీకరించినది. కాని నిర్ణీతకాలమున కొలుచుచుండవలెనని షరతు పెట్టినది. కొలుచుటకు రోగి తన మూత్రమును గంటల లెక్కన పట్టి తెచ్చిన చాలును; అందును, రక్తమునందును గల యూరియాను పరీక్షింతురు. శక్తి తగ్గిన కొలది చికిత్సను పెంచవలెను.

మన ప్రాంతమున దీని ప్రాముఖ్యము గొప్పది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2016లో ప్రకటింపబడిన జాతీయ డయాలిసిస్ పథకము బీదలకు చికిత్సాభారము తగ్గించినవి. అయినను దారి ఖర్చులకు, పోయిన కూలికి వెరచి వారమున 2 మారులే పోవువారు కలరు. కొలిచి తగ్గించుట చికిత్స. కొలువక తగ్గించుట ప్రాణాపాయము. మూత్రము వచ్చుచున్నదిగదా యని మానుటయు తగదు. నీరు బయటికి పోయినను విషము పోకుండవచ్చును.

పెద్దలారా! మీ యూర డయాలిసిస్ పొందువారున్నచో, మిగిలిన శక్తిని కొలువుడని వైద్యుని అడుగుమని చెప్పుడు. ఒళ్లునొప్పుల మాత్రలను తమంతట తాము మ్రింగవద్దని వారించుడు. అవి ఆ మిగిలిన శక్తినే హరించును. ఉన్నదానిని కాపాడుకొనుట, లోటును మాత్రము యంత్రముతో పూరించుట: ఈ చరిత్ర మనకు నేర్పిన పాఠమిదియే.