తామరపూల లెక్క

బీజగణితమంటే మనలో చాలామందికి ఇప్పటికీ గుండెదడే! కానీ 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో ఎక్స్ ఊసెత్తకుండానే లెక్క చెప్పాడు.

కొన్ని తామరపూలు. మూడోవంతు శివుడికి, అయిదోవంతు విష్ణువుకి, ఆరోవంతు సూర్యుడికి, నాలుగోవంతు అమ్మవారికి. మిగిలిన 6 గురువుగారికి. మొత్తం ఎన్ని?

ఏదో ఒక అంకె అనుకోమంటాడాయన. దానిపేరే ‘ఇష్టకర్మ’. సరే, 60 అనుకుందాం. 20, 12, 10, 15 పోతే మిగిలేవి 3. కావలసింది 6, అంటే రెట్టింపు. కాబట్టి పూలు 120. అంతే!

లీలావతి ఆయన కూతురనీ, ముహూర్తం తప్పి పెళ్లి ఆగిందనీ విన్నాం కదూ? ఆ కథ కనిపించేది 437 ఏళ్ల తర్వాత, 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదంలో. భాస్కరుడి పుస్తకంలో పెళ్లి మాటే లేదు. తెలివైన పిల్లా అని పిలిచి అడిగిన లెక్కలున్నాయి. నాకైతే ఆ పిలుపే ముద్దు.