మార్కస్ ఆరేలియస్ కాలపు మైసోలియా

మార్కస్ ఆరేలియస్ (క్రీ.శ. 121–180) రోమన్ చక్రవర్తి, స్టోయిక్ తత్త్వవేత్త. 161లో గద్దెనెక్కాడు. పాలనలో ఎక్కువ కాలం మొదట పార్థియాతో, తరువాత డాన్యూబ్ సరిహద్దులో యుద్ధాలకే సరిపోయింది. ‘మెడిటేషన్స్’ పన్నెండు భాగాలూ తనకోసం గ్రీకులో రాసుకున్నవి. వాటిలో కొన్ని యుద్ధ శిబిరాల్లో పుట్టాయి. మన చేతిలో లేనిదానికి కుమిలిపోకుండా ఎదుటనున్న పనిని ధర్మంగా చేయాలన్నది వాటి సారం.

ఆయన యువరాజుగా ఉన్న రోజుల్లో, సుమారు 150లో, రోమన్ ఏలుబడిలోని అలెగ్జాండ్రియాలో టాలెమీ తన భూగోళ గ్రంథం రాశాడు. అందులో కృష్ణా ముఖద్వారపు సీమ పేరు మైసోలియా. అక్కడి రేవు కొంటకోసిలా నేటి ఘంటసాల. ప్రాకృత శాసనాల్లో కంటకసేల. టాలెమీ చెప్పిన మరో ఊరు కొద్దూరాను మచిలీపట్నం పక్కనున్న గూడూరుగా చాలామంది గుర్తిస్తారు. ఇంకా ఆసక్తికరమైన మాట మరొకటుంది: సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటును కూడా టాలెమీ ఈ సీమ వివరాల్లోనే చేర్చాడు. అంటే ఈ తీరం రోమ్ వర్తకానికి చివరి మజిలీ కాదు, తూర్పు దేశాలకు వాకిలి. అంతకు నూరేళ్ల ముందటి గ్రీకు నౌకాయాన గ్రంథం ‘పెరిప్లస్’ మాత్రం ఇక్కడి సన్నని నూలు బట్టల గురించి చెప్పి ఊరుకుంది.

ఓడల వెనుక ఉన్న మనుషులూ కొంత కనిపిస్తారు. ఘంటసాల బౌద్ధ శాసనమొకటి మహానావికుడు సివకుణ్ణి పేర్కొంటుంది. రోమ్‌లో మార్కస్ శకం ముగిసే రోజులకు ఇటు శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి పాలన నడుస్తోంది. ఓడ బొమ్మ ఉన్న నాణేలు ఆయన కూడా వేయించాడు. రోమ్ చక్రవర్తి పేరు మాత్రం మనకంటే తూర్పుకు వెళ్లింది. 166లో ‘అన్‌దున్’ అనే రోమ్ రాజు దూతలమంటూ కొందరు సముద్ర మార్గాన వచ్చారని చైనా చరిత్ర నమోదు చేసింది. ఆ పేరు ఆంటొనైనస్. మార్కస్‌కూ, ఆయన దత్తత తండ్రికీ కూడా ఉన్నదే. వచ్చినవారు నిజమైన రాయబారులు కాక వర్తకులే అయి ఉండవచ్చని పలువురి అభిప్రాయం, అదే సబబుగా తోస్తుంది.

ఈ సీమలోని భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల బౌద్ధ స్తూపాలపై పురాతత్త్వవేత్త అలెగ్జాండర్ రే నివేదిక 1894లో వెలువడింది. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో తీరం ముందుకు జరిగి, ఘంటసాల నేడు సముద్రానికి దూరంగా పొలాల మధ్య ఊరైంది.