ఒకే బాట, మూడు ద్వారములు

తార్నాక దాటి తూర్పుగా ఉప్పల్ బాట పట్టినవారికి ముందుగా పరిశోధనాలయముల ప్రాంగణములు కనబడును. కణజీవశాస్త్ర పరిశోధన జరుగు సి.సి.ఎం.బి., 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ బాట మీదనే కలవు. హబ్సిగూడ కూడలిలో ఎడమకు తిరిగినచో నాచారం పారిశ్రామిక వాడ చేరుదుము. తిన్నగా పోయినచో ఉప్పల్. అచ్చటను ఫ్యాక్టరీలు కలవు. వాని నడుమ విదేశపు కంపెనీల లెక్కలను, లావాదేవీలను రాత్రింబవళ్లు చక్కబెట్టు జెన్‌ప్యాక్ట్ వంటి సంస్థల మేడలును కలవు.

ఒక యింట ముగ్గురు అక్కచెల్లెండ్రు కలరనుకొందము. పెద్దది పరిశోధనాలయమునకు, నడిమిది నాచారం ఫ్యాక్టరీకి, కడగొట్టుది ఉప్పల్‌లోని ఆఫీసునకు ఉదయమే బయలుదేరుదురు. ముగ్గురిదియు ఒకే తల్లి పెంపకము, ఒకే బస్సు ప్రయాణము. కాని "నాకును పురుషునితో సమానముగ అవకాశమున్నదా?" యని వారడిగినచో, చాలకాలము వరకు చట్టము ముగ్గురికిని మూడు వేర్వేరు సమాధానములు చెప్పెను. ఈ మూడు ద్వారముల చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

మొదటి ద్వారము ప్రభుత్వోద్యోగము. 1948 నవంబరు 30న రాజ్యాంగ సభ ఈ విషయమును చర్చించెను. అవకాశములు అందఱకు సమానముగ ఉండవలెనను వాదము ఒకటి. అంతవఱకు పరిపాలనలో చోటు దొరకని వర్గములకు ప్రత్యేకముగ చోటు కల్పింపవలెనను వాదము మఱియొకటి. ఈ రెంటికిని పొత్తు కుదిర్చి డాక్టరు అంబేద్కరు ఆనాడు సమాధానము చెప్పెను. తెలుగు గడ్డ నుండి దుర్గాబాయి ఆ సభలో సభ్యురాలై యుండెను. ఆ చర్చల ఫలితమే రాజ్యాంగములోని 16వ అధికరణము. మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము అను కారణములచే ఏ పౌరునకును ప్రభుత్వోద్యోగము నిరాకరింపరాదని అది శాసించెను. నివాసము గూర్చి మన నగరమున ముల్కీ నిబంధనల పేరిట జరిగిన పెద్ద వివాదము వేఱొక ప్రసంగమునకు తగినది. నేడు లింగము అను మాటనే పట్టుకొందము.

అక్షరము మారినంత మాత్రమున ఆచారము మారలేదు. స్త్రీ వివాహమాడుటకు ముందు ప్రభుత్వానుమతి పొందవలెనను నిబంధన విదేశాంగ సేవలో చాలకాలము నిలిచెను. ఆ సేవలో ప్రవేశించిన తొలి మహిళయగు సి.బి. ముత్తమ్మ తన పదోన్నతి విషయమై సుప్రీంకోర్టుకెక్కగా, 1979లో న్యాయస్థానము ఇట్టి నిబంధనలలోని వివక్షను తీవ్రముగ ఖండించెను. 1981లో ఎయిర్ ఇండియా కేసులో, విమాన పరిచారిక గర్భవతియైనంతనే ఉద్యోగము పోవునను నిబంధనను కొట్టివేసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1984 జనవరిలో ఇంకొక అడుగు వేసెను. స్త్రీ పురుషులిరువురును సమానముగ తగిన ఉద్యోగములలో నూటికి 30కి తక్కువ కాకుండ స్త్రీలను ఎంపిక చేయవలెనని నియమము చేసెను. స్త్రీల కొఱకు ప్రత్యేకపు ఏర్పాటులు చేయు అధికారము ఉద్యోగములకును వర్తించునని చెప్పుచు సుప్రీంకోర్టు 1995లో దానిని సమర్థించెను.

ఇక మన పెద్దక్క సంగతి. ఆమె పనిచేయు పరిశోధనాలయము ప్రభుత్వము క్రిందనే నడచుచున్నదని ఎవరైనను అనుకొందురు. కాని 1975లో, వేతనము విషయమై ఒక జూనియరు స్టెనోగ్రాఫరు తెచ్చిన కేసులో, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి రాజ్యాంగము చెప్పు "రాజ్యము" క్రిందికి రాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఉప్పల్ బాటలోని ఈ ప్రయోగశాలలు ఆ మండలికి చెందినవే. ఆ తీర్పు నిలిచినంత కాలము 16వ అధికరణమును చేతబట్టి ఆ మండలిని ప్రశ్నించు వీలు అందలి ఉద్యోగులకు లేకపోయెను. 2002 ఏప్రిలులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ పాత తీర్పును త్రోసివేసెను. బోర్డు మీద ప్రభుత్వ చిహ్నమున్నను, హక్కు లోపలికి వచ్చుటకు 27 ఏండ్లు పట్టినదన్నమాట.

రెండవ ద్వారము ఫ్యాక్టరీ. దీని కథ ఇంకను పాతది. మన దేశమున తొలి ఫ్యాక్టరీ చట్టము 1881లో వచ్చెను. 1891 చట్టము స్త్రీల పని దినమును 11 గంటలకు పరిమితము చేసి, వారి రాత్రి పనికి కట్టుబాటు విధించెను. దీనికి జాలి యొక్కటే కారణము కాదు. ఇచ్చటి మిల్లులు చవుకగా నూలు వడకి తమకు పోటీ వచ్చుచున్నవని లంకషైరు యజమానులు ఇంగ్లండులో చేసిన ఒత్తిడియు దాని వెనుక నుండెను. 1919లో వాషింగ్టనున సమావేశమైన అంతర్జాతీయ కార్మిక మహాసభ స్త్రీల రాత్రి పనిని నిషేధించు ఒడంబడిక చేయగా, 1921లో భారతదేశము దానిని అంగీకరించెను.

స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టము, 66వ సెక్షనులో, స్త్రీలు ఉదయము 6 గంటల నుండి రాత్రి 7 గంటల వరకే పనిచేయవలెనని చెప్పెను. రాష్ట్ర ప్రభుత్వములు ఈ వేళలను కొంత మార్చవచ్చును గాని, రాత్రి 10 నుండి తెల్లవాఱుజాము 5 వరకు ఎట్టి పరిస్థితిలోను అనుమతి లేదు. దీనికి ఒక్క మినహాయింపు మాత్రము కలదు. చేపలను ఎండబెట్టు, డబ్బాలలో నింపు కర్మాగారములలో సరకు చెడిపోకుండుటకు అవసరమైనచో స్త్రీలు రాత్రి పనిచేయవచ్చును! చేప చెడిపోవుననిన తలుపు తెరచుకొనెను. స్త్రీ బ్రతుకుదెరువు చెడిపోవుననిన తెరచుకొనలేదు.

ఈ నిషేధము కీడు చేయుటకై వ్రాసినది కాదు. రాత్రి వేళ యంత్రముల నడుమ స్త్రీ అలసిపోరాదని, దారిలో ఆమెకు ఆపద కలుగరాదని పెద్దలు తలచిరి. కాని మూడు షిఫ్టులు నడచు ఫ్యాక్టరీలో దాని ఫలమేమో చూడుడు. వంతుల వారీగ రాత్రి షిఫ్టునకు రాలేని మనిషిని యజమాని పెద్ద యంత్రము వద్ద నిలుపడు. ప్యాకింగుకో, హెల్పరు పనికో పంపును. యంత్రము వద్ద నిలువనివారికి నైపుణ్యము రాదు. నైపుణ్యము లేనివారికి పదోన్నతి రాదు. రక్షణ కొఱకు కట్టిన గోడ ఈ విధముగ దారికి అడ్డుగోడ ఆయెను. మఱి ఆసుపత్రులలో నర్సులు రాత్రులంతయు మేలుకొని పనిచేయుటకు ఏ చట్టమును అడ్డు చెప్పలేదు. అలసటయు, చీకటియు అందఱకు ఒకటియే యైనప్పుడు, నిషేధము ఒక్క ఫ్యాక్టరీ గేటు వద్దనే ఎందుకు నిలిచినది?

ఈ ప్రశ్న న్యాయస్థానములకు చేరెను. 2000లో మద్రాసు హైకోర్టు ఈ సెక్షనులోని రాత్రి నిషేధము రాజ్యాంగ విరుద్ధమని చెప్పి, రాకపోకలకు వాహనము, విశ్రాంతి గది, తగిన భద్రత ఉండవలెనని షరతులు విధించెను. 2002లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడ ఆ నిషేధమును కొట్టివేసెను. పరిశోధనాలయపు ద్వారము తెరచుకొన్న యేడే ఫ్యాక్టరీ ద్వారమును తెరచుకొనుట గమనింపదగినది.

గేటు లోపల వేతనము సంగతి వేఱు. అంతర్జాతీయ స్త్రీ సంవత్సరమైన 1975లో అత్యవసర శాసనముగ వచ్చి, 1976లో చట్టమైన సమాన వేతన శాసనము, ఒకే విధమైన పనికి స్త్రీ పురుషులకు ఒకే వేతనమీయవలెనని చెప్పెను. దీనిని తప్పించుకొను ఉపాయము పేరు మార్చుట. బొంబాయిలోని ఒక కంపెనీ పురుషులను స్టెనోగ్రాఫరులనియు, స్త్రీలను "లేడీ స్టెనోగ్రాఫరు"లనియు పిలిచి వేతనములలో తేడా చూపెను. పని ఒకటే యైనప్పుడు పేరు వేఱైనంత మాత్రమున వేతనము తగ్గింపరాదనియు, ఆర్థికముగ మోయలేమనుట సాకు కాజాలదనియు సుప్రీంకోర్టు 1987లో తీర్పు చెప్పెను. మన నడిమి చెల్లెలు తన వేతనపు చీటీని చదువునప్పుడు అంకెను మాత్రమే కాక, తన పనికి పెట్టిన పేరును కూడ చదువవలెను.

మూడవ ద్వారము ఆఫీసు. అమెరికాలో పగలైనప్పుడు ఉప్పల్‌లో రాత్రి. ఆ పగటి పని ఇచ్చట చేయవలెనన్న రాత్రి షిఫ్టు తప్పదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణముల, సంస్థల చట్టము స్త్రీల రాత్రి పనిని నిషేధించియుండెను. కాని సమాచార సాంకేతిక సంస్థలకు ప్రభుత్వము ఉత్తరువుల ద్వారా మినహాయింపు నిచ్చెను. వాహన సౌకర్యము, భద్రత షరతులుగ పెట్టెను. ఫ్యాక్టరీలో న్యాయస్థానమునకెక్కి సాధింపవలసిన దానిని, ఈ ఆఫీసులు ఒక ఉత్తరువుతో పొందగలిగెను. ఏ వ్యాపారమునకు అవసరమైనచో ఆ వ్యాపారము కొఱకు తలుపు త్వరగా తెరచుకొనుననుటకు ఇది రెండవ ఉదాహరణము; మొదటిది చేపల కథ.

తలుపు తెరచుట సగము పని. లోపల గౌరవముగ పనిచేయు వీలుండవలెను. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు పనిచోట లైంగిక వేధింపు సమానత్వపు హక్కునకు భంగమని చెప్పి మార్గదర్శక సూత్రములు ఏర్పఱచెను. 2013లో చట్టము వచ్చెను. పదిమంది లేక అంతకు మించి పనిచేయు ప్రతి సంస్థలోను అంతర్గత కమిటీ ఉండవలెను. అంతకంటె చిన్న చోట్ల పనిచేయువారును, ఇండ్లలో పనిచేయువారును జిల్లా స్థానిక కమిటీని ఆశ్రయింపవచ్చును. ఫిర్యాదు సాధారణముగ మూడు నెలల లోపల వ్రాతపూర్వకముగ చేయవలెను.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. స్త్రీని చేర్చుకొన్నచో వాహనము పెట్టవలెను, ప్రసూతి సెలవు ఈయవలెను, శిశు సంరక్షణ గది ఏర్పఱచవలెను. ఈ ఖర్చంతయు నాకెందుకని యజమాని ఆలోచించినచో? 1961 ప్రసూతి సౌకర్యముల చట్టము సెలవు కాలపు వేతనమును యజమాని నెత్తిననే పెట్టెను. 2017లో ఆ సెలవు 12 వారముల నుండి 26 వారములకు పెరిగెను. తల్లికి మేలే, కాని ఆ మేలునకు మూల్యము ఒక్క యజమాని చెల్లింపవలసినప్పుడు, ఉద్యోగార్థిని వ్రేలి ఉంగరము వైపు అతని చూపు మరలును.

దీనికి మఱియొక సమాధానము నాచారంలోనే కలదు. అచ్చటి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వెనుకనున్న సూత్రము 1948 నాటిది. అందులో ప్రసూతి కాలపు వేతనము ఒక్క యజమాని సంచి నుండి రాదు. ఉద్యోగులును, యజమానులును నెలనెల చెల్లించు చందాల నిధి నుండి వచ్చును. 2019 జులై నుండి ఆ చందా వేతనములో యజమానికి నూటికి 3.25, ఉద్యోగికి 0.75 చొప్పున నిర్ణయమైనది. పురుషులనే పనిలో పెట్టుకొన్న యజమానియు అదే చందా చెల్లించును. కావున స్త్రీని చేర్చుకొన్నందువలన అతనికి ఈ పద్దు క్రింద అదనపు భారము లేదు. బిడ్డను కనుట సమాజమంతటికిని చెందిన కార్యమైనప్పుడు ఖర్చును అందఱును పంచుకొనుట న్యాయము. సమానావకాశమునకు న్యాయస్థానపు తీర్పు ఎంత ముఖ్యమో, ఈ చిన్న లెక్క అంత ముఖ్యము.

2025 నవంబరు 21న నూతన కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. స్త్రీలు తమ సమ్మతితో, తగిన భద్రతా నియమములతో, అన్ని సంస్థలలోను అన్ని పనులలోను, రాత్రి వేళ కూడ పనిచేయవచ్చునని వానిలో నొకటి చెప్పుచున్నది. వేతనములలోను, ఉద్యోగ నియామకములోను లింగ వివక్ష కూడదని మఱియొకటి చెప్పుచున్నది. "సమ్మతి" యను మాట ఇందు కీలకము. రాత్రి షిఫ్టునకు రానన్నచో ఉద్యోగము పోవునను భయముండగా ఇచ్చినది సమ్మతి కాదు.

వెలితి యింకను కలదు. 16వ అధికరణము ప్రయివేటు కంపెనీలను కట్టదు. కులము పేరిటనో, మతము పేరిటనో ప్రయివేటు సంస్థలో ఉద్యోగము నిరాకరించినచో ప్రశ్నించుటకు సమగ్రమైన చట్టము మన దేశమున నేటికిని లేదు. వికలాంగుల కొఱకు 2016లోను, ట్రాన్స్‌జెండరు వ్యక్తుల కొఱకు 2019లోను వచ్చిన చట్టములు ప్రయివేటు సంస్థలను కూడ కొంతవరకు కట్టుబాటులోనికి తెచ్చినవి.

సాయంకాలము మన ముగ్గురు అక్కచెల్లెండ్రును ఇల్లు చేరుదురు. లేదా కడగొట్టుది అప్పుడే బయలుదేరుచుండును. ఆమె బయలుదేరు వేళ ఇంటివారు "రాత్రి వేళ ఆడపిల్లకు ఉద్యోగమేమి?" యని అడుగుట వాడుక. ఆ ప్రశ్నలో ప్రేమ కలదు. కాని 1891 నుండి ఆ ప్రేమయే చట్టమై ఎన్ని తలుపులు మూసినదో ఇంతవరకు చూచితిమి. దానికి బదులు "ఇంటికి చేర్చు వాహనము కలదా? కమిటీ కలదా? నియామక పత్రము చేతికిచ్చిరా? ప్రక్కనున్నవానికి ఎంత యిచ్చుచున్నారు?" అని అడుగుట మేలు. మొదటి ప్రశ్న ఆమెను ఆపును. తక్కిన ప్రశ్నలు ఆమెకు తోడుగ గేటు వరకు పోవును.